వీధికి నేను రాసిన చట్టం

మా చిన్నకోడలు సర్కారు ఉద్యోగం పరీక్షకు చదువుతోంది. తిరువళ్ళూరులో పుట్టి పెరిగిన పిల్ల, ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదువంతా తమిళమే. మొన్న పొద్దున చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చున్న నా ముందు ఆ తమిళ గైడు తెరిచి, పడమటి దేశాల రాజకీయ తత్త్వవేత్తలట, ఎవరు ఏం చెప్పారో జతపరచాలట, ఒక్కటీ తలకెక్కడం లేదు, గుర్తుండే ఉపాయమేదైనా చెప్పమని అడిగింది. ముప్పయ్యేళ్ళు కాలేజీలో ఆ పాఠమే చెప్పి రిటైరైనదాన్ని, ఉపాయాలకు నా దగ్గర కొదవ లేదు. కానీ ఆ పేజీ చూడగానే నాకు గుర్తొచ్చింది తత్త్వవేత్తలు కాదు, తిరుత్తణి పక్కన మా నేతవీధి, ఆ వీధికి పందొమ్మిదేళ్ళ వయసులో నేను చేసిన నిర్వాకం.

మా వీధిలో కాలేజీ గడప తొక్కిన మొదటి ఆడపిల్లను నేనే. అడిగిన సీటు దొరక్క రాజనీతి శాస్త్రంలో చేరి, రోజూ పొద్దున్నే రైలెక్కి వెళ్ళి సాయంత్రం రైల్లో వచ్చేదాన్ని. మా మాస్టారు పాఠం చెబుతుంటే ఎన్నో వందల ఏళ్ళ కిందటి మనుషులు పక్క గదిలోనే వాదించుకుంటున్నట్టుండేది. జ్ఞానులే రాజ్యమేలాలని ఒక గ్రీకు పెద్దాయన, ఎంత జ్ఞాని అయినా మనిషే గనక చట్టమే ఏలాలని ఆయన శిష్యుడు, పైన ఒక ప్రభువు లేకపోతే మనుషులు ఒకరినొకరు బతకనివ్వరని ఒక ఇంగ్లీషాయన, జనం ఒప్పుకుంటేనే వాడు పాలకుడని ఇంకొక ఇంగ్లీషాయన. వింటూంటే నాకు ఒళ్ళు పులకరించేది, ఇంటికొచ్చి చూస్తే మా వీధి ఆ పాఠాల కళ్ళతోనే కనబడేది.

మన తరం నేతవాళ్ళకు చెప్పనక్కరలేదు గానీ తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మగ్గానికి ఎక్కించే ముందు పడుగు నూలును, అంటే బట్టకు నిలువు పోగులను, వీధి పొడవునా సాగదీసి, గంజి పట్టించి, కుంచెలతో దువ్వి, ఎండ ముదరక ముందే ఆరబెట్టుకోవాలి. దానికి పదిమంది చేతులు కావాలి, పొద్దునకు ఒక్క పడుగే వీధిలో పడుతుంది. కాబట్టి రేపు వీధి ఎవరిది అన్నదే మాకు రాజ్యం ఎవరిది అన్నంత ప్రశ్న. దాన్ని తేల్చేది మేమంతా పెద్దమామ అని పిలిచే ఒక ముసలాయన. సాయంత్రం వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తూ, ప్రతి గడప ముందూ కాసేపు నిలబడి, చివరికి రేపు ఫలానావాళ్ళది అనేవాడు. ఎందుకో ఆయన చెప్పేవాడు కాదు, ఎవరూ అడిగేవాళ్ళూ కాదు.

నాకది శుద్ధ నిరంకుశత్వంగా తోచింది. ఆయన ఆడింది ఆట పాడింది పాట అయితే ఇక మన ఒప్పుదల ఏమైనట్టు అని, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఇంటింటికీ వెళ్ళి ఉపన్యాసాలిచ్చాను. కుర్రవాళ్ళు చప్పట్లు కొట్టారు, ఆడవాళ్ళు మంత్రిగారొచ్చారని ఏడిపించారు. తూర్పు కొస ఇంటి నుంచి పడమటి కొస దాకా రోజుకొక ఇంటి వంతు, వానొచ్చి వంతు పోతే మళ్ళీ అందరి తర్వాతే అని తెలుగులోనూ తమిళంలోనూ రాసి, సంతకాలూ వేలిముద్రలూ పెట్టించి, మా ఇంటి గోడకు అంటించాను. పెద్దమామ కూడా “సరే పాపా, నాకూ కాళ్ళు నొస్తా ఉండాయి” అని నవ్వి వేలిముద్ర వేశాడు. ఆ రోజు నాకు గర్వంతో అన్నం సయించలేదు.

రెండు నెలలు చట్టం నల్లేరు మీద బండిలా నడిచింది. కార్తీకంలో ఒకరోజు, సరిగ్గా మా మేనత్త వంతు నాడే, వాన కొట్టింది. భర్త పోయాక అత్త మా పక్కింట్లో ఒంటరిగా ఒక్క మగ్గంతో బతికేది. తక్కిన ఇళ్ళలో రెండో మూడో మగ్గాలు, ఒకటి ఆగినా ఒకటి ఆడుతుంది. మర్నాడు ఎండ కాసింది, కానీ ఆ రోజు మా వంతు, అత్తది ఇక ఇరవై ఇళ్ళ తర్వాత. అన్నాళ్ళు మగ్గం ఆగితే, నూలిచ్చి కూలికి నేయించుకునే యజమాని ఆ నూలు వెనక్కి తీసుకుంటాడు, ఆమెకు మళ్ళీ ఇస్తాడన్న నమ్మకం లేదు. అయినా ఆమె ఎవరినీ అడగలేదు, “కాయితానికి నేనూ ఏలు ఏసినాను కదా” అని మాత్రం అంది. పక్కింట్లో అత్త మగ్గం చప్పుడు వినబడకపోయేసరికి, పెద్దమామ గడప గడపకూ ఎందుకు నిలబడేవాడో నాకప్పుడు అర్థమైంది. ఆయన ఏ ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిందో వినేవాడు.

మా నాయన పడుగు భుజాన వేసుకుని బయటికొచ్చి గోడ దగ్గర ఆగాడు. ఆయనకు చదువు రాదు. కాగితాన్ని కాసేపు చూసి, “అంతా బాగానే రాసినావు కదమ్మా, దీంట్లో మా యక్క యాడుండాది?” అన్నాడు. అరిచి ఉంటే వాదించేదాన్ని, వాదనలు నాకు బోలెడు వచ్చు. ఆ మాటకు మాత్రం సిగ్గుతో ఏడ్చేశాను. నాయన మా పడుగు లోపల పెట్టి అత్త పడుగు తెచ్చి వీధిలో పరిచాడు. చట్టం తప్పినట్టు కాదా అని ఒక కుర్రవాడు అడిగితే, నా వంతు ఆమెకిచ్చి ఆమె వంతు నేను తీసుకున్నానన్నాడు. మా రెండు మగ్గాల్లో ఒకటి ఇరవై రోజులు ఊరికే నిలబడింది, మేము ఆ మేరకు బిగబట్టుకుని తిన్నాము.

తర్వాత పెద్దమామ చెప్పగా, వాన వెలిసిన మొదటి పొద్దు ఒంటి మగ్గం ఇంటిదని కాగితం కింద ఇంకొక వరుస చేర్చాను. ఆయన సాయంత్రం నడకా మళ్ళీ మొదలైంది. అత్త ఆ మగ్గం మీదే ఇంకా పన్నెండేళ్ళు నేసింది. నేను పాఠం చెప్పిన ప్రతి ఏడూ మొదటి క్లాసులో గ్రీకుల కంటే ముందు అత్తనే పరిచయం చేశాను. అంతా విని మా కోడలు, ఇది పరీక్షలో రాదు కదత్తా అంది. రాదమ్మా అని ఉపాయాలు చెప్పాను.

ఇప్పుడు ఆ వీధిలో పడుగులు పడవు. నూలు గంజి పట్టించే వస్తుంది, పవర్‌లూమ్‌లు గోడల లోపల ఆడుతున్నాయి, వీధి నిండా మోటారు సైకిళ్ళు. నడుములు విరిగే ఆ చాకిరీ పోయినందుకు నాకు సంతోషమే, పెన్షనుతో, కోడలి కబుర్లతో ఇక్కడ హాయిగానే ఉన్నాను. కానీ మనుషులు కలిసి ఎలా బతకాలో ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పినదాన్ని, ఈ అపార్ట్‌మెంటుకు వచ్చి ఆరేళ్ళైనా మా ఎదురింట్లో ఒంటరిగా ఉండే ముసలావిడ పేరు నాకు తెలియదు. తలుపు మీద ఉన్నది ఆమె కొడుకు పేరు.