చీటీ వెనక రాసుకున్న రేటు

మా ఆవిడ పోయి ఇవాళ్టికి ముప్పై ఎనిమిది రోజులు. మంగళవారం సాయంత్రం, ఆసుపత్రిలో. ఎడిసన్‌లో ఆమెని బాగా ఎరిగినవాళ్లకి ఫోన్ చేసి చెప్పాను. మిగిలినవాళ్లకి మన సంఘం పత్రికలో ఇలా చెబుతున్నాను. చెప్పవలసింది ఇంకొకటి కూడా ఉంది. దానికి ముందు శనగల సంగతి చెప్పాలి.

మేం అమెరికా వచ్చిన కొత్తలో ఆమెది నా ఉద్యోగం మీద వచ్చిన హెచ్-4 వీసా. స్టాటిస్టిక్స్‌లో ఎం.ఎస్సీ. చేసిన మనిషికి ఉద్యోగం చేసే వీలు లేదు. మా అపార్ట్‌మెంట్లలో అలాంటివాళ్లు అరడజను మంది ఉండేవారు. లండన్‌లో టెన్నిస్ జరిగే రెండు వారాలూ ఇక్కడ మ్యాచ్‌లు పొద్దున్నే వస్తాయి. మేమంతా ఆఫీసులకి వెళ్లాక వాళ్లు మా ఇంట్లో టీవీ ముందు చేరేవారు. ఆమె అక్కడ ఒక బజారు పెట్టింది.

చీటీ మీద ఒక ఆటగాడి పేరు ఉంటుంది. అతను గెలిస్తే ఆ చీటీకి పది శనగలు వస్తాయి. ఓడితే ఏమీ రావు. మొదట్లో ఆరు శనగలకి కొన్న చీటీ, అతను ఒక సెట్ గెలిస్తే ఎనిమిదికి పోతుంది. వెనకబడితే మూడుకి కూడా ఎవరూ అడగరు. కొనడం, అమ్మడం అంతా ఆట నడుస్తుండగానే. రెండు వారాలూ అయ్యాక ఆ శనగలన్నీ నానబోసి, గుగ్గిళ్లు చేసి అందరికీ పంచేది.

ఇదే ఆట డబ్బుతో ఆడే వెబ్‌సైట్లున్నాయని, ఈమె బుర్రకి చాలా సంపాదించవచ్చని ఒక స్నేహితురాలి భర్త అన్నాడు. "డబ్బయితే చెయ్యి వణుకుతుందన్నయ్యా. శనగలైతే బుర్ర పనిచేస్తుంది" అంది.

ఆమె పద్ధతులు నాకు ఇప్పటికీ గుర్తు. అవతలివాడి సర్వీస్ బ్రేక్ చేసినవాడి, అంటే అవతలివాడు సర్వ్ చేసిన గేమ్ తను గెలిచినవాడి, చీటీ వెంటనే కొనకూడదు. అప్పుడే అందరూ ఎగబడతారు, రేటు ఉబ్బుతుంది. తర్వాతి గేమ్‌లో తన సర్వీస్ నిలబెట్టుకుంటాడేమో చూసి కొనాలి. మొహం చూడకూడదు, రెండో సర్వ్ చూడాలి. అలసట ముందు అక్కడే తెలుస్తుంది. లాభంలో ఉండగా కొన్ని అమ్మి, అవతలివాడి చీటీలు కొని పెట్టుకుంటే ఎవరు గెలిచినా మనకి ఒకటే. అలా సర్దుకున్నాక లేచి వెళ్లి టీ పెట్టేది. చివరికి ఎవరు గెలిచారని అడిగేది కూడా కాదు.

వీటన్నిటికన్నా ముందు ఒక నియమం. రేటు ఎంతకి పడితే అమ్మేస్తామో, కొనేముందే చీటీ వెనక పెన్సిల్‌తో రాయాలి. అక్కడికి దిగగానే ఇంకేమీ ఆలోచించకుండా అమ్మేయాలి. "ఆట మొదలయ్యాక మనకి తెలివి ఉండదు. ఉన్నప్పుడే రాసుకోవాలి" అనేది.

ఒకసారి నేనూ సెలవు పెట్టి కూర్చున్నాను. నాకు ఇష్టమైన ఆటగాడు, అప్పటికే వయసు మళ్లినవాడు. ఏడు చొప్పున చీటీలు కొన్నాను. వెనక నాలుగని రాశాను. మొదటి సెట్ పోయి రేటు నాలుగుకి దిగింది. నేను అమ్మలేదు, ఇంకా కొన్నాను. మూడుకి కొన్నాను, రెండుకీ కొన్నాను. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే వరంగల్ అమ్మాయికి నవ్వాగలేదు.

"అక్కా, మీ ఆయన మునిగిండు. ఇంకిన్ని శనగలియ్యరాదూ!"

"ఇవ్వను. ఆయన స్కోరు చూడట్లేదు, మనిషిని చూస్తున్నారు" అంది మా ఆవిడ.

నా చీటీలన్నీ చెత్తబుట్టలోకి పోయాయి. ఆ పూటంతా అందరూ నా వంక చూడడం, నవ్వడం.

తర్వాత గ్రీన్ కార్డ్ వచ్చింది. ఆమెకి ఉద్యోగం వచ్చింది. ఇల్లు కొన్నాం, బజారు ఆగిపోయింది. పోయిన ఏడాది జబ్బు బయటపడింది. మొదటి మందు పనిచేయలేదు. రెండోది మొదలుపెట్టే రోజు ఆసుపత్రి పార్కింగ్ లాట్‌లో కారు ఆపాను. ఆమె దిగలేదు.

"ఇది కూడా పనిచేయలేదని స్కాన్‌లో వస్తే ఇంటికి వెళ్లిపోదాం. ఇప్పుడే ఒప్పుకోండి. అప్పుడు ఒప్పుకోరు మీరు."

ఒప్పుకున్నాను.

మూడు నెలల తర్వాత స్కాన్ తీశారు. జబ్బు పెరిగింది. ఇంకో మందు ఉందని, కొద్దిమందికే పనిచేస్తుందని, కష్టంగా ఉంటుందని డాక్టర్ దాచకుండా చెప్పింది. మా ఆవిడ నా వైపు చూసింది. ఇంకొక్కటి చూద్దామని నేనే అన్నాను. పార్కింగ్ లాట్ మాట ఆమె గుర్తు చేయలేదు. డాక్టర్ వైపు తిరిగి, ఎప్పటినుంచి మొదలుపెడతారని మాత్రం అడిగింది.

అయిదు వారాలు ఆసుపత్రిలోనే ఉంది. నీళ్లు కూడా ఇమడలేదు.

మొన్న సంతాప సభలో చాలామంది, ఆమె చివరిదాకా పోరాడిందన్నారు. ప్రేమతోనే అన్నారు. దయచేసి ఇక అలా అనకండి. ఆమె ఆపేద్దామంది. పోరాడింది నేను, ఆమె ఒంటితో. ఇది మీకు చెప్పాలనే రాశాను.

పొద్దున్న టీవీలో మ్యాచ్ వస్తుంటే, ఎంతలో ఉందండీ అని వంటింట్లోంచి అడిగినట్టుంటుంది. పైకే చెబుతాను. ఆమె గుర్తు చేయని మాట అప్పుడు వినిపిస్తుంది.

ఆఖరి సోమవారం నాడు ఒప్పుకున్నాను, ఇంటికి వెళదామని. ఆమెకి అప్పటికి మాట సన్నగిల్లింది. మంచం హాల్లో వేయించమంది, తల తిప్పక్కర్లేకుండా వంటిల్లు కనబడేలా. ఆసుపత్రివాళ్లు అద్దె మంచానికి ఫోన్ చేశారు. బుధవారం పొద్దున పంపుతామన్నారు. ఆమె మంగళవారం పోయింది. మంచం వద్దని చెప్పాలని ఎవరికీ తోచలేదు.

బుధవారం ఇద్దరు మనుషులు వచ్చారు. తలుపు తీశాను. ఎక్కడ వేయాలో చూపించాను. బిగించారు, దుప్పటి పరిచారు. ఒకతను నా చేతికి రిమోట్ ఇచ్చి బటన్ నొక్కి చూడమన్నాడు. నొక్కాను. తల వైపు మెల్లగా లేచింది. మనిషి ఆనుకుని కూర్చుంటే వంటింట్లో స్టవ్ కనబడేంత ఎత్తుకి వచ్చి ఆగింది.