నాలుగు తీగల జగ్గారావు

"దానికి నాలుగే తీగలున్నాయేంటండీ? మిగతా రెండూ తెగిపోయేయా?"

కోనసీమలో ఏ పెళ్ళిలో వాయించినా, ఏ ఓణీల ఫంక్షనులో వాయించినా, స్టేజీ దిగగానే జగ్గారావుకి ఎదురయ్యే ప్రశ్న ఇది. మొదట్లో పాపం ఓపిగ్గానే చెప్పేవాడు. ఇది బేస్ గిటారండీ, దీనికి నాలుగే ఉంటాయండీ, పాట అడుగున గుండెలో కొట్టినట్టు ఒక మోత వినపడుతుంది చూడండి, అది ఇదేనండీ అని. విన్న పెద్దమనిషి "ఆయ్" అని తలూపి, కాసేపాగి, "అయితే ఆ రెండూ ఎప్పుడు వేయిస్తారండీ?" అనేవాడు. ఒళ్ళు మండదూ మరి! అందుకని ఇప్పుడు చెప్పడం మానేశాడు. ఎవరైనా అడిగితే ఒక చూపు చూస్తాడు, అడిగినవాడు తాంబూలం తీసుకునే నెపంతో పక్కకి తప్పుకుంటాడు.

జగ్గారావుకి కోపం ముక్కు మీదే ఉంటుందని బండారులంకలో అందరికీ తెలుసు. అది అతని సొంత సొత్తు కాదు, తల్లి బుచ్చమ్మ దగ్గర్నుంచి వచ్చింది. నూలు తూకంలో చేతివాటం చూపించిన షావుకారుని, బుచ్చమ్మ మగ్గం గుంటలోంచి లేచి వచ్చి నడివీధిలో నిలబెట్టి కడిగేసిన ముచ్చట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇప్పుడావిడ మగ్గం ఎక్కడం లేదు. చెవులు దాదాపుగా పోయాయి. కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

దగ్గర్లో ఎక్కడ ఫంక్షను ఉన్నా, పిలుపుంటే చాలు, కొడుకుతో పాటు వెళ్తుంది. వెళ్ళి అందరిలా ముందు వరసలో కూర్చోదు. స్టేజీ పక్కన నిలువెత్తు స్పీకరు డబ్బాలుంటాయే, వాటి దగ్గర కుర్చీ వేయించుకుని, డబ్బా మీద అరచెయ్యి ఆనించి కూర్చుంటుంది. పాడేవాళ్ళ గొంతు ఆవిడకి అందదు. సన్నాయీ అందదు. అడుగు మోత మాత్రం అరచేతిలోంచి ఎక్కుతుంది. అదెక్కిందంటే కొడుకు వైపు చూసి తలాడిస్తుంది. ఇంటికొచ్చాక, "ఇవాళ బాగా మోగేవురా" అంటుంది. ఇన్నేళ్ళలో జగ్గారావుని వాయిద్యగాడని మెచ్చుకున్న మనిషి ఆవిడొక్కర్తే. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని ఊరికే అంటారు గానీ, ఇక్కడ చెవులున్న వాళ్ళందరికీ వినపడనిది ఆ ముసలమ్మకే వినపడింది. జగ్గారావు కూడా ఆ అరచేతి కోసమే వాయించేవాడు.

అతను వాయించే ఆర్కెస్ట్రా అమలాపురంలో హరిబాబుది. గిటారూ హరిబాబుదే. మన ఉప్పుగాలి సంగతి తెలిసిందేగా, ఇనుప గేట్లనే నమిలేస్తుంది, గిటారు తీగలెంత! తీగలు తుప్పు పట్టాయి, మెడ వంగింది, ఒక మెట్టు దగ్గర నొక్కితే ఇంకో మెట్టు దగ్గర గరగరమంటోంది. మార్చమని జగ్గారావు అడిగీ అడిగీ విసిగిపోయాడు.

చివరికి ఒకరోజు హరిబాబే అన్నాడు. "సరే జగ్గూ, మారుద్దాం. తెల్లది చూడు. మంచి తళతళలాడేది. మన బ్లేజర్లు నీలం కదా, డ్రోను షాట్‌లో తెలుపు లేచి కనపడుద్ది."

"తెలుపో నలుపో తర్వాతండి. ముందు మోత ఎలా ఉందో చూడాలి కదండీ?"

"మోతకేముందయ్యా! తీగల్లేకపోయినా ఫర్వాలేదు, తెల్లగా ఉంటే చాలు" అని హరిబాబు పకపకా నవ్వాడు. జగ్గారావు అది వేళాకోళమే అనుకున్నాడు. అనుకుని కూడా మండిపడ్డాడు. వాయిద్యాన్ని పట్టుకుని బ్లేజరుకి గుండీలు ఎంచినట్టు ఎంచుతాడా! మీ తెల్లది మీరే ఉంచుకోండి, నా గిటారు నేనే కొనుక్కుంటాను అని ముఖం మీదే చెప్పేసి, మర్నాడే రాజమండ్రి బస్సెక్కాడు. జొన్నాడ దగ్గర గోదావరి దాటుతున్నంతసేపూ ఒక్కటే సణుగుడు. పక్క సీటాయన ఇతన్ని చూసి ఎవరో కోర్టు పనిమీద వెళ్తున్నారనుకున్నాడు.

వాయిద్యాల కొట్టులో కుర్రాడు మర్యాదస్తుడే గానీ వాడికీ అదే జబ్బు. రాగానే తెల్లది తీశాడు. తర్వాత ఎర్రది, తర్వాత మంటల బొమ్మలు వేసింది. "ఇది బాగా పోతుందండీ. ఫొటోలో అదిరిపోద్ది."

"నేను ఫొటో తీయించుకోడానికి రాలేదయ్యా."

గోడ మీద వెనకాల ఒకటి వేలాడుతోంది. ముదురు గోధుమ రంగు, మెరుపూ లేదు, పాడూ లేదు. రాతిపలకలా బరువు. జగ్గారావు దాన్ని దింపించి, వైరు పెట్టనివ్వకుండానే, పైన కొమ్ములా పొడుచుకొచ్చిన చెక్కకి దవడ ఆనించి లావుతీగ మీటాడు. మోత చెక్కలోంచి దవడ ఎముకలోకి, అక్కణ్ణుంచి వెన్నులోకి పాకింది. కుర్రాడు వింతగా చూశాడు. జగ్గారావు కళ్ళు మూసుకుని మళ్ళీ మీటాడు. అమ్మకి అరచేతిలో ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు. అప్పుడు యాంప్‌కి తగిలించి వాయిస్తే కొట్టు అద్దాలు సన్నగా వణికాయి. పొద్దుట్నుంచీ లేని నవ్వు అప్పుడొచ్చింది అతని మొహం మీదకి.

"ఇదే ఇవ్వు."

తర్వాత కాలితో నొక్కే పెడల్స్ సంగతి. కుర్రాడు రొట్టె పెనమంత పెద్దది ఒకటి తెచ్చి పెట్టి, ఇందులో వంద రకాల శబ్దాలున్నాయండీ, రాకెట్టు ఎగిరినట్టు కూడా వస్తుందండీ అన్నాడు.

"ఓణీల ఫంక్షనులో రాకెట్టెందుకయ్యా? మాది సముద్రం పక్క ఊరు. గాలి తేమకి పాట మధ్యలో తీగ జారిపోద్ది. స్టేజీ మీద గోలలో శ్రుతి చేసుకోలేక చస్తున్నాను. దానికేమైనా ఉందా?"

ఉంది. అరచేతిలో పట్టే ఇనప డబ్బీ. "ఇది కాలితో నొక్కండీ, ఎర్రలైటు వెలుగుద్ది. లైటు ఉన్నంతసేపూ మీ గిటారు మోత బయటికి పోదండి. శ్రుతి చూసుకుని మళ్ళీ నొక్కండీ, మోత వచ్చేస్తుంది."

జగ్గారావు చాలాసార్లు నొక్కి చూశాడు. నొక్కితే నిశ్శబ్దం. మళ్ళీ నొక్కితే మోత. మగ్గం కింద బుచ్చమ్మ కాలితో తొక్కే పలక గుర్తొచ్చి, ఆ డబ్బీ కూడా కట్టించుకున్నాడు.

హరిబాబు ఆ గిటారు చూసి మొహం ముడుచుకున్నాడు. "ఏంటయ్యా, రోకలిలా ఉంది?" అన్నాడు. అయినా సొంతానికి కొనుక్కున్నదాన్ని కాదనలేకపోయాడు.

కొత్త గిటారుతో మొదటి ప్రోగ్రాం ముమ్మిడివరంలో, రొయ్యల చెరువులాయన కూతురి ఓణీల ఫంక్షను. మధ్యాహ్నం భోజనాల వేళ. పిల్ల నాయనమ్మ వీరమ్మకీ బుచ్చమ్మకీ పాత స్నేహం, అందుకని బుచ్చమ్మా వచ్చింది. ఆవిడ కుర్చీ ఆవిడ డబ్బా పక్కకి చేరింది. చెయ్యి డబ్బా మీదకి చేరింది. జగ్గారావు స్టేజీ మీదనుంచి గోధుమరంగు గిటారు ఎత్తి చూపించాడు. ఆవిడ నవ్వింది.

గాయని అనిత ఒకటి రెండు పాటలు పాడి, ఇంకో పాట ఎత్తుకుంది. కీబోర్డు దగ్గర ప్రసాద్. డబ్బాలన్నీ జనం వైపు తిరిగి ఉంటాయి కాబట్టి స్టేజీ మీదున్నవాళ్ళకి వినపడేది కలగాపులగపు గోల తప్ప ఇంకేమీ ఉండదు. రెండో చరణంలో కొత్త తీగ సాగింది, శ్రుతి జారింది. జగ్గారావు డబ్బీ నొక్కాడు. ఎర్రలైటు వెలిగింది. మోత ఆగిపోయింది కదా, అమ్మ కంగారుపడుతుందేమోనని అటు చూశాడు.

బుచ్చమ్మ తలాడిస్తోంది. తాళం తప్పకుండా ఆడిస్తోంది. పైగా కొడుకు వైపు చూసి, బాగుందన్నట్టు రెండో చెయ్యి ఊపింది.

జగ్గారావు కిందకి చూశాడు. ఎర్రలైటు వెలుగుతూనే ఉంది. రెండు చేతులూ తీగల మీదనుంచి తీసేశాడు. అడుగుమోత ఆగలేదు. దుమ్ము దుమ్మని, ఒక్క తప్పూ లేకుండా, తను రోజూ వాయించేదే, తన ప్రమేయం లేకుండా మోగుతోంది.

అతను గిటారు స్టాండు మీద పెట్టి, డబ్బీలోంచి బయటికి పోయే వైరు పట్టుకున్నాడు. పాట నడుస్తూనే ఉంది. వైరు కార్పెట్టు కింద నుంచి స్టేజీ వెనక్కి పోయింది. వెనక మెట్లు దిగి, వంగి, చేత్తో తడుముకుంటూ పోయాడు. సౌండు మిక్సరు దాకా పోవాల్సిన వైరు, అది పెట్టిన బల్లకింద ఆగిపోయింది. దాని చివర ఎక్కడా తగిలించి లేదు. పుల్లకి చుట్టినట్టు నల్లటేపు చుట్టి ఉంది. ఎవరో తొందరలో చేసిన పని కాదది. మడతలు పడకుండా, శుభ్రంగా, తీరిగ్గా చుట్టారు. వైరు అతని సొంతం కాదు, హరిబాబు ఆర్కెస్ట్రాది. టేపు పాతబడి జిగురు కారుతోంది.

జగ్గారావు సౌండు చూసే ముత్యాలు చొక్కా పట్టుకున్నాడు. "ఎప్పట్నుంచిరా?"

"నన్నంటారేంటండీ బాబూ! నేను చేరినప్పట్నుంచీ అలాగే ఉందండి. అంతా ముందే రికార్డు చేసిన ట్రాకేనండి, కీబోర్డులోంచి వస్తుందండి. హరిబాబుగారు మీకు చెప్పేరనుకున్నానండి."

హరిబాబు పరుగున వచ్చాడు. నవ్వు మొహం పెట్టుకునే వచ్చాడు, చుట్టూ చుట్టాలున్నారు మరి. "జగ్గూ, అల్లరి చెయ్యకు. పెద్దింటి ఫంక్షను."

"నన్ను ఉత్సవ విగ్రహాన్ని చేసి నిలబెట్టేరా ఇన్నేళ్ళూ?"

"అబ్బ, అందరూ ఇలాగే చేస్తున్నారయ్యా! ట్రాకైతే తప్పులుండవు. నీకు ఏనాడైనా డబ్బులాపేనా? వాయించకపోయినా ఇస్తున్నాను, ఇంకా ఏం కావాలయ్యా నీకు?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది హరిబాబు. వాయించకపోయినా అన్నాడు! వేళ్ళు కాయలు కాసిపోయినవాణ్ణి పట్టుకుని!

"మా అమ్మ ఆ డబ్బా మీద చెయ్యేసి కూర్చుంటుందండీ" అన్నాడు జగ్గారావు. "చెవుల్లేని మనిషండీ. నాది అనుకుని వింటుందండీ. ఆవిణ్ణి కూడా మోసం చేసేరు కదండీ!"

జగ్గారావు టేపుని పళ్ళతో పట్టి పీకాడు. జిగురు పెదాలకి అంటుకుంది. తుడుచుకోకుండానే వైరు తీసుకెళ్ళి మిక్సరులో గుచ్చాడు. "పెంచు" అన్నాడు ముత్యాలుతో. ముత్యాలు యజమాని వైపొకసారి చూసి, జగ్గారావు కళ్ళు చూసి, పెంచాడు.

స్టేజీ మీద పాట అయిపోయింది. అనిత అంతా పైనుంచి చూసింది. ఆవిడ మైకు చేత్తో మూసి, "ప్రసాద్‌గారూ, తర్వాత పాటకి ట్రాక్ వద్దండి. చేత్తోనే వాయించండి" అంది. ప్రసాద్ తలెత్తకుండానే ఏదో మీట నొక్కి ఆపేశాడు.

జగ్గారావు గిటారు మెడలో వేసుకుని, తీగ సరిచేసుకుని, కాలితో ఎర్రలైటు ఆర్పాడు.

మొదటి దెబ్బకి డబ్బాలు గుర్రుమన్నాయి. కోపంలో ఉన్నాడేమో, పాట కంటే ముందు పరిగెత్తాడు, మళ్ళీ పట్టుకున్నాడు, పల్లవి చివర ఒక చోట తప్పాడు. అయినా అది అతనిదే. భోజనాల బంతిలో ఇద్దరు ముగ్గురు విస్తరి మీదనుంచి తలెత్తి చూశారు. బుచ్చమ్మ చప్పున డబ్బా మీదనుంచి చెయ్యి తీసేసింది. అరచెయ్యి ఒకసారి చూసుకుని, మళ్ళీ ఆనించింది. ఈసారి తలాడించలేదు. నొసలు ముడేసి వింది.

ఆ పాట అవగానే హరిబాబు చెవి దగ్గరకొచ్చి చెప్పాడు, రేపట్నుంచి రానక్కర్లేదని. "వస్తానని ఎవరన్నారండీ?" అని జగ్గారావు గిటారు సంచీలో పెట్టుకున్నాడు. తల్లిని భోజనం కూడా చెయ్యనివ్వకుండా ఆటో ఎక్కించాడు.

ఊరు దాటాక బుచ్చమ్మే అంది. "మొదటి పాటలు బాగా మోగేవురా. ఆ ఆఖరిదానికేమొచ్చింది? ఎగుడుదిగుడుగా వచ్చింది. చేతిలో గొంగళిపురుగు పాకినట్టుంది."

జగ్గారావు ఆవిడ చెవి దగ్గరకి వంగి అరిచాడు. "ఆ ఎగుడుదిగుడుదే నాదమ్మా!"

"ఆఁ?"

"ఆఖరిదొక్కటే నేను వాయించేను!"

బుచ్చమ్మ కొడుకు వైపు తిరిగింది. "మరి ముందువి ఎవరివిరా? కిందటేడు వాడపల్లిలోవి? ఆ ముందువి?"

"ఎవరివీ కాదమ్మా! ఎవరూ వాయించలేదు! హరిబాబు నా వైరుకి టేపు చుట్టి పక్కన పడేసేడు! మిషను పెట్టి మోగించేడు!" ఆ అరుపుకి ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

బుచ్చమ్మ తన అరచెయ్యి తిప్పి చూసుకుంది. మొహం జేగురించింది. నూలు షావుకారుని కడిగేసిన నాటి మొహం అది.

"అయితే ఇన్నాళ్ళూ నేను మిషనుకి తలాడించేనా?" అంది. "నా కొడుకనుకుని?"

ఆవిడ ముందుకి వంగి, ఆటో అతని భుజం మీద చరిచింది.

"బాబూ, బండి వెనక్కి తిప్పు."