రెండు సుడుల గ్రాఫిక్స్ కార్డు

మా బాపు బుద్దెరిగిన కాడికెల్లి కంప్యూటర్‌ను ముట్టిన పాపాన పోలేదు. అయినా గ్రాఫిక్స్ కార్డు ఏరనీకి నేను ఆయన్నే పట్నం తోల్కపోయిన. విన్నోళ్లంత నాకు పిచ్చి లేసిందనుకున్నరు. అమ్మ ఒక్కతే అనుకోలే. ఎందుకంటే గా పిచ్చి నాకు ఎక్కించిందే ఆమె.

మాది రామన్నపేట దిక్కు చిన్న ఊరు. నేను చౌటుప్పల్ కాడ మందుల కంపెనీల లెక్కలు చూసే కొలువు చేస్త. పొద్దున బస్సుకు పోత, మాపటికి బస్సుకొస్త. వచ్చినంక ఇంత తిని కంప్యూటర్ ముందట కూసోని ఆటలాడుత. గింత పెద్ద పిల్ల గా గుర్రాలెక్కుడేంది, గా తుపాకులు కాల్చుడేందని ఊర్ల గుసగుసలు పెట్టేటోళ్లు. పెట్టుకోనీ, వాళ్ల నోళ్లు, నా చెవులు. నా బాధంత ఒక్కటే, పాత కంప్యూటర్ ముసలిదైంది. కొత్త ఆట వేస్తే గుర్రం ఒక అడుగు వేసి ఆగి, ఆలోచించి, ఇంకో అడుగు వేస్తుండె. నాకు కొత్తది గావాలె, ఆట బొమ్మలను ఆగకుంట నడిపే మంచి కార్డున్నది గావాలె.

బాపు సంగతి వేరే. ఒకప్పుడు మా దిక్కు ఎవలు ఎడ్లు కొనాలన్నా ఆయన్ని వెంట తీస్కపోయేటోళ్లు. ఆయన నోరు తెరిపిచ్చి పండ్లు చూస్తడు, ఒంటి మీద ఎంటికల సుడులు చూస్తడు, నాలుగడుగులు నడిపించి చూస్తడు. నచ్చితే టువాల కింద చెయ్యి పెట్టి, అమ్మినోని వేళ్లు పట్కొని బ్యారం చేస్తడు. పక్కన నిలవడ్డోనికి ధర ఏందో తెల్వదు. రాను రాను ట్రాక్టర్లొచ్చె, చెల్కలు ప్లాట్లాయె, బాపు మోకాళ్లు అరిగె. పోయినేడు మా ఎడ్లను గూడ అమ్మిండు. గప్పట్సంది పసుల అంగడి మొకం చూడలే, మాట గూడ తగ్గిచ్చిండు. కొట్టం ముందట మంచం వేస్కోని, లోపల గుంజకు ఏలాడే రెండు ఎడ్ల తాళ్ల దిక్కు చూసుకుంట కూసుంటడు. “మీ బాపు తాళ్లకు కాపలా ఉంటుండు, ఎవలన్న ఎత్కపోతరని,” అని అమ్మ నవ్వేది. నవ్వినంక కొంగుతోని కండ్లు తుడ్సుకునేది.

కొత్తది కొనాలంటే ముందుగాల పాతదాన్ని అమ్మాలె. రామన్నపేటల జిరాక్స్ దుకాణమాయన తీస్కుంటనని ఆటో తెచ్చిండు. గా దినం నేను కొలువుకు పోయిన, అమ్మ చేన్లకు పోయింది, ఇంటికాడ బాపు ఒక్కడే. అన్ని పద్దతిగ ఆటోల పెట్టించిండట, మానిటర్ కు పాత చెద్దరు గూడ చుట్టిచ్చిండట. మాపటికి జిరాక్సాయన నాకు ఫోన్ చేసి, అంత మంచిగనే ఉందమ్మా, కరెంటు వైరు ఒక్కటే లేదు, జర చూడుమన్నడు. ఇల్లంత ఎతికిన. ఆఖరికి కొట్టంల దొరికింది. ఎడ్ల తాళ్ల పక్కన, గదే గుంజకు, నల్లగ ఏలాడుతాంది.

గిదేంది బాపూ అంటే, తాడు ఎట్లిస్తమే అన్నడు, నేనేదో తెల్వితక్కువ మాట మాట్లాడినట్టు. గొడ్డును అమ్మితే తాడు మన ఇంట్లనే ఉంచుకోవాలె. తాడు గూడ ఇచ్చినమంటే దాని వెనకాల ఇంటి లచ్చిమి పోతది. కొన్నోడు తన తాడు తను తెచ్చుకోవాలె, గది వానికి మర్యాద. గిట్ల ఒక్కొక్కటి ఇడమర్చి చెప్పిండు. నాకు నవ్వాల్నో మొత్తుకోవాల్నో తెల్వలే. జిరాక్సాయనకు సంగతి చెప్తే, ఆయన గూడ పసులున్న ఇంట్ల పుట్టినోడే, పక్కున నవ్వి, అయితే నా తాడు నేనే కొనుక్కుంట తియ్యమ్మా అన్నడు.

గంతల అమ్మ నన్ను వంటింట్లకు గుంజింది. మీ బాపు గంత సేపు మాట్లాడంగ విని ఎన్నొద్దులాయెనో, కొత్తది కొననీకి నువ్వు ఆయన్ని తోల్కపో అన్నది. కంప్యూటర్ల ఆయనకేం తెల్సమ్మా అన్న. తెల్వకుంటే ఏం మునిగిపోదన్నది. ఆలోచిస్తే నిజమే అనిపిచ్చింది. నాకు కార్డు ఎంత గావాలెనో, బాపు మళ్ల నలుగుర్ల పడి మాట్లాడుడు గంతకన్న ఎక్కువ గావాలె.

పోయి అడిగిన. ఆయన మంచం మీదికెల్లి లేవకుంటనే, “నాకేం ఎరుక బిడ్డా,” అన్నడు.

“ఎరుక లేకుంటేంది బాపూ, బ్యారానికి మనిషి గావాలె గదా,” అన్న.

గని పట్నం పోయే దినం నేను లేసేసరికి, తానం చేసి, తెల్ల దోతి కట్టుకోని, భుజం మీద కొత్త టువాల వేస్కోని వాకిట్ల నిలవడ్డడు.

సికింద్రాబాద్ ల కంప్యూటర్ సామాన్ల దుకాణాలున్న గల్లీకి పోయినం. మంది, అరుపులు, గొడ్ల లెక్క ఒకదానికొకటి ఆనుకున్న డబ్బలు. బాపు ఒక్కపారి చుట్టు చూసి, అంగడే గదా అన్నడు. ఆయన నడక మారింది. మోకాళ్ల నొప్పి యాడ పోయిందో, నాకన్న ముందుగాల నడుస్తుండు.

ప్రాసెసర్, మదర్ బోర్డు, ర్యామ్, మానిటర్, గివన్ని నేను వీడియోలు చూసి చూసి ముందే అనుకున్న. తెగనిది కార్డు ముచ్చటే. ఒకటి ఎర్ర డబ్బ కంపెనీది, ఇంకోటి పచ్చ డబ్బ కంపెనీది. దుకాణపు సేటు రెండు ముందట పెట్టిండు. బాపు పడుచుతనంల ఎర్రజెండ మోసిన మనిషి, ఇంక ఆలోచనేంది, ఎర్రది తీస్కో బిడ్డా, మనోళ్లదన్నడు. గిది పార్టీ గాదు బాపూ అంటే, ఏదైతేంది, రంగు మనదే గదా అని మొకం ముడుచుకున్నడు. నేను వినకుంట పచ్చదే తీసిన. దాంట్ల మళ్ల రెండు రకాలు, మూడు ఫ్యాన్లది ఒకటి, రెండు ఫ్యాన్లది ఒకటి. నా పానమంత మూడు ఫ్యాన్లదాని మీద్నే ఉంది.

బాపు దాన్ని చేతులకు తీస్కోని అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. కింద బంగారు రంగు అంచుంటది, బోర్డుల గుచ్చేది. గది చూసి, పండ్లు అరగలే, కొత్తదే అన్నడు. తర్వాత ఒక్కొక్క ఫ్యాను మీద వేలు పెట్టి సుడులు ఎంచిండు. మూడని తేలంగనే కింద పెట్టేసిండు. మూడో సుడి మంచిది గాదట, రెండు సుడులదే ఇంటికి కలిసొస్తదట. అవి సుడులు గావు బాపూ, వేడెక్కకుంట తిరిగే ఫ్యాన్లని చెప్పిన. తిరుగుతయ్ గదా, సుడంటే గదే మరి అన్నడు.

గంతతోని ఆగిండా, గిది ఎంత మేస్తదని సేటును అడిగిండు. సేటు నా మొకం చూసిండు. కరెంటు ఎంత తింటదని అడుగుతుండని నేను చెప్పిన. ఆయన వాట్ల లెక్క చెప్పి, దీనికి కరెంటిచ్చే డబ్బ జర పెద్దదే పడ్తదన్నడు. పని మంచిగ చేస్తే మేత ఎక్కువైనా ఫికర్ లేదని బాపు ఒప్పుకున్నడు. సేటుకు గూడ మజా వస్తాంది, గిరాకులు నిలవడ్డా మమ్ముల ఇడిచిపోతలేడు.

ఇగ నా కర్మ చూడుండ్రి. ఒక పక్క అద్దమున్న కేబినెట్ మీద నాకు ఎప్పట్సందో మనసుంది. సేటు టేపు తీసి కొలిస్తే, మూడు ఫ్యాన్ల కార్డు గా కేబినెట్ల పడుతలేదు, వేలెడు పొడుగైంది. పెద్ద కేబినెట్ తీస్కోమన్నడు. గది ఇనుప బీరువ తీరుగుంది, నాకు నచ్చలే. చేసేదేం లేక మూడు ఫ్యాన్లదాన్ని ఇడిచిపెట్టి రెండు ఫ్యాన్లదే తీస్కున్న. బాపు టువాల సదురుకున్నడు. ఇయ్యాల్టికి గూడ, మూడో సుడి ఇంట్లకు రాకుంట ఆపింది తనేనని ఊర్ల ఎవలు కనవడ్డా చెప్తుండు.

ఆఖరికి బ్యారం. బాపు తన చెయ్యి చాపి, మీద టువాల కప్పి, సేటు దిక్కు చూసిండు. సేటు పాపం, మర్యాదకు షేక్ హ్యాండనుకోని లోపల చెయ్యి పెట్టిండు. బాపు ఆయన వేళ్లు ఒక్కొక్కటి నొక్కుతుంటే సేటు కండ్లు పెద్దగైనయ్. సార్ కు పానం మంచిగ లేదా అని నన్ను మెల్లగ అడిగిండు. ధర చెప్తుండని నేను నవ్వు ఆపుకుంట చెప్పిన. ధర అయితే తగ్గలే గని, కొసరు కింద ఒక మౌస్ ప్యాడ్ వచ్చింది. బాపు దాన్ని మడిచి దోతి నడుముల దోపుకున్నడు. నేను ఫోన్ తోని పైసలు కొట్టి బిల్లు కోసం నిలవడ్డంత సేపు వాళ్లిద్దరు కలిసి డబ్బలు కట్టిండ్రు. సేటు ఏదో చేతికిస్తే, బాపు మర్యాదగ తిరిగిచ్చుడు కనవడ్డది. ఇంకో కొసరేమో, వద్దన్నడనుకున్న.

వచ్చేటప్పుడు బస్సుల పక్క సీటాయనకు చౌటుప్పల్ దాక గీ బ్యారం ముచ్చటే చెప్పిండు. నేను కిటికీల కెల్లి చూసుకుంట విన్న. కార్డు ఒళ్లనే ఉంది, అయినా దాని మీద సోయి లేదు. బాపు గొంతు గట్ల విని ఎన్నాళ్లాయెనో.

తెల్లారి ఆదివారం. నడింట్ల చాప పరిచి, వీడియో చూసుకుంట ఒక్కొక్కటి బిగించిన. అమ్మ పసుపు కుంకుమ తెస్తే అద్దం మీద బొట్టు వరకు ఒప్పుకున్న, లోపల చల్లొద్దని చేతులు మొక్కిన. బాపు మంచం లోపలికి తెచ్చుకోని కూసున్నడు. పొద్దు గూకే యాళ్లకు అంత అయింది. ఇగ కరెంటు పెట్టుడే ఉంది. వైరు లేదు.

డబ్బలన్ని బోర్లించిన, థర్మాకోల్ ముక్కలు గూడ ఇరగ్గొట్టి చూసిన. గప్పుడు సేటు చేతుల కెల్లి ఏదో తిరిగిపోయింది యాదికొచ్చింది. మెల్లగ బాపు దిక్కు తిరిగిన.

ఆయన మొకంల ఎంత గర్వమో. సేటు తాడు గూడ ఇయ్యబోయిండు బిడ్డా, పాపం తెల్వక, నేనే వద్దన్న అన్నడు. అమ్మినోని తాడు మనం తెచ్చుకోవద్దని ఆయనకు గూడ చెప్పొచ్చిండట.

నాకు కోపం నెత్తికెక్కింది. దినమంత వంగి వంగి నడుము పడిపోయుంది. “ఎడ్లే లేని ఇంట్ల ఇంకా గీ తాళ్ల ముచ్చటెందుకు బాపూ?” అన్న. అన్నంక, ఎందుకన్ననా అనిపిచ్చింది. అమ్మ నా దిక్కు చూసి తల దించుకున్నది. బాపు లేసి కొట్టం దిక్కు పోయిండు. ఇగ మళ్ల గా మంచం, గా మూగతనమే, నా చేతుల్తోని నేనే పాడు చేసుకున్ననని పానమంత ఉసూరుమన్నది.

గని ఆయన తిరిగొచ్చిండు. చేతుల పాత కంప్యూటర్ వైరు. దుమ్మును టువాలతోని తుడ్సుకుంటనే వచ్చి నాకిచ్చిండు. కొన్నోళ్లు తమ తాడు తెచ్చుకోవాలె గదా, మనకుంది గదా అన్నడు. అన్ని కంప్యూటర్లకు దాదాపు గదే వైరని అన్ని వీడియోలు చూసిన నాకు యాదికి రాలే. గుచ్చి మీట నొక్కిన. అద్దం లోపల ఎలుగొచ్చింది, కార్డు మీద ఫ్యాన్లు రెండు తిరిగినయ్. చూడు, రెండు సుడులు అన్నడు బాపు అమ్మతోని.

గుర్రం ఆట పెట్టిన. ఇప్పుడు గుర్రం ఆగకుంట ఉరుకుతాంది. బాపు మంచం దగ్గరికి జరుపుకున్నడు. కళ్లెం గట్ల గుంజి పట్టకు, దాని నోరు నొస్తదన్నడు. కొద్దిసేపైనంక, దానికి నీళ్లు పెట్టినవా అని అడిగిండు. ఒక్కతికే మొత్తుకున్న, ఇప్పుడు ఇద్దరాయెనని అమ్మ తిట్టుకుంట పొయ్యి కాడికి పోయింది. ఆమె సంబురం గా తిట్లల్లనే ఉంది.

అంగడి దినం పొద్దున నేను బస్సుకు తయారైతున్న. వాకిట్ల బాపు తెల్ల దోతి కట్టుకోని నిలవడ్డడు. భుజం మీద టువాల, టువాల మీద ఎడ్ల తాడు. కొట్టంల గుంజకు ఒక్క తాడే మిగిలింది. యాడికి బాపూ అంటే, ఎడ్లు నాతోని గావు, ఒక ఆవును చూసొస్త అన్నడు. చూసొస్తనంటడు గని కదలడు. తాడును ఈ చేతుల కెల్లి ఆ చేతులకు మార్చుకుంటుండు. నువ్వు గూడ రారాదు బిడ్డా అన్నడు.

“నాకేం ఎరుక బాపూ,” అన్న.

“ఎరుక లేకుంటేంది, బ్యారానికి మనిషి గావాలె గదా,” అన్నడు. అని, నవ్వు కనవడకుంట మొకం అటు తిప్పుకున్నడు.

ఆయన్ని నేను పట్నం ఎందుకు తోల్కపోయిన్నో ఆయనకు గా దినమే ఎరుక. గది తెల్సే, కొత్త టువాల వేస్కోని నా వెంట వచ్చిండు. నాకు ఏడుపు, నవ్వు రెండు ఒక్కపారే వచ్చినయ్. కంపెనీకి ఫోన్ చేసి ఇయ్యాల రానని చెప్పి, చెప్పులేసుకోని ఆయన వెనక నడిచిన.