దమ్ మీద గంజు, రోడ్డు మీద ఆజం

గిర్మాజీపేట ఆజం భాయ్‌కు యాభై నాలుగేళ్లు, షుగరు, మోకాళ్ల నొప్పులు, ఒక నల్లటి పెద్ద మోటారు సైకిలు ఉన్నాయి. మొదటి మూడింటినీ నాలుగోదాని మీద ఎక్కించుకుని గంటకు నూట ఇరవై కిలోమీటర్ల వేగంతో పోతే తప్ప ఆయనకు పొద్దు గడిచినట్టు ఉండదు.

వృత్తికి ఆయన బావర్చీ. పెళ్లిళ్లకు బిర్యానీ వండుతాడు. ఈ వంటకూ ఆ వేగానికీ చుట్టరికం దమ్ దగ్గర కలిసింది. మాంసమూ బియ్యమూ గంజులోకి ఎక్కించి, మూత అంచుకు పిండి ముద్ద అతికించి, పైన నిప్పులు పోశాక నలభై నిమిషాలు దాన్నెవరూ ముట్టుకోకూడదు. మిగతా బావర్చీలు ఆ కాసేపూ చాయ్ తాగుతారు, కునుకు తీస్తారు. ఆజం భాయ్ చేతులు కడుక్కుని, లుంగీ విప్పి ప్యాంటు తొడుక్కుని, ముఖం కనపడే హెల్మెట్ పెట్టుకుని మాయమవుతాడు. సరిగ్గా నలభయ్యో నిమిషానికి వచ్చి మూత తీస్తాడు. ఆ మధ్యలో ఆడపిల్ల తండ్రుల ముఖాలు చూడాలి. ఒకాయన ఉండబట్టలేక బండికి అడ్డం నిలబడ్డాడు.

“నీకేమన్న అయితే బిర్యానీ ఎవరు తీస్తరు ఆజం భాయ్?”

“మూత తీసుడు పెద్ద కథ కాదు సాబ్. పిండి గీకితే వస్తది,” అని ఆజం భాయ్ ఆయనకు ధైర్యం చెప్పి పోయాడు.

దూరాలు కూడా ఆయన వంట లెక్కలోనే చెబుతాడు. నెక్కొండ ఎంత దూరమంటే బియ్యం నానేంత. మరిపెడ అంటే పెళ్లి వంటకు ఉల్లిగడ్డ ఎర్రగా వేగేంత. మరి పక్కనున్న హన్మకొండ?

“గది ట్రాఫిక్ తమ్మీ. మేకకాళ్ల పాయ ఉడికేంత.”

భార్య తబస్సుమ్ ఒకే ఒక్కసారి ఆ బండి వెనక కూర్చుని మరిపెడలోని పుట్టింటికి పోయింది. తనకు వచ్చిన దువాలన్నీ ఊరి శివారు మామునూరు దాటకముందే అయిపోయాయట. మిగతా దారంతా మళ్లీ మొదటినుంచి చదువుకుంటూ పోయింది. అప్పటినుంచి ఆమెది బస్సు. ఆయన ముందే చేరుకుని, మరిపెడ బస్టాండులో ఆమె కోసం చాయ్ చెప్పి కూర్చుంటాడు. పోలీసు కెమెరా తీసిన ఫోటోలు చలాన్లతో పాటు ఫోన్‌కు వస్తే, వాటిని దాచిపెట్టేది మాత్రం ఆమే.

“మా పెండ్లి ఫోటోల మొఖం మాడ్చుకోని ఉన్నడు. గీటిల చూడు, ఎంత మంచిగ నవ్వుతాండో,” అని చుట్టాలకు చూపిస్తుంది.

సందు మొదట్లో కిరాణా కొట్టు వీరభద్రం ఆయనకు చిన్ననాటి దోస్తు. ఒకరోజు అడిగేశాడు.

“అసలేముంటదిరా గా ఉరుకుట్ల?”

“నలభై దాటినకాన్నుంచి అందరిది ఒకటే మాట వీరభద్రం. మెల్లగ లే. మెల్లగ తిను. మెల్లగ మెట్లెక్కు. డాక్టర్ గదే అంటడు, పెండ్లాం గదే అంటది. బండి ఒక్కటే నన్ను మెల్లగ అనది. తొంభై దాటంగనె మోకాళ్లు ఏడున్నయో యాదికుండయి. నూట పదికి కండ్లల్లకెల్లి పొయ్యి పొగ మొత్తం ఎల్లిపోతది. నూట ఇరవైకి ఇగ ఊకెనె నవ్వొస్తది, పద్దెనిమిదేండ్ల పోరగాని లెక్క.”

“బండి దిగినంక?”

“మల్ల యాభై నాలుగే.”

గౌసియా బేగంకు ఈ నవ్వు అస్సలు గిట్టదు. ఆమెది ఆజం భాయ్ పక్కిల్లు, మధ్యలో ఒకటే గోడ. ఆయన ఆమెను అక్క వరసలో ఆపా అంటాడు. భర్త పోయాక కుట్టుమిషను మీద కూతురు రుహీని పెంచింది. బండి చప్పుడుకు సూదిలో దారం తప్పిన ప్రతిసారీ గోడ మీదుగా ఆయన్ని తిడుతూ ముప్పై ఏళ్లు గడిపింది. అయినా రుహీ పెళ్లికి వండేది ఇంకెవరు? మరిపెడ సంబంధం. పెళ్లికొడుకు తరఫు వాళ్లు రెండు వ్యాన్లలో వస్తామన్నారు. ఆమె ఆ లెక్కకే సరుకులు తెచ్చింది.

పెళ్లిరోజు మధ్యాహ్నం గంజు మీద మూత పడే వేళకు ఫంక్షన్ హాలు ముందు మూడో వ్యాను ఆగింది. అందులోంచి దిగుతూనే ఉన్నారు. గౌసియా బేగం మెట్ల మీద నిలబడి నలభై దాకా లెక్కపెట్టి, ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసింది. పెళ్లిలో అన్నం తక్కువైందంటే ఆ మాట రుహీని మరిపెడలో బతికినన్నాళ్లూ వదలదు. చెమట తుడుచుకుంటూ వంట దగ్గరికి పరుగెత్తేసరికి ఆజం భాయ్ హెల్మెట్ పెట్టుకుంటున్నాడు.

“ఇయ్యాల్లన్న పోకు ఆజం భాయ్. నీ కాళ్లు మొక్కుత.”

“గిట్ల పోయి గట్లొస్త ఆపా. ఫికర్ చెయ్యకు. వీరభద్రం, నలభై నిమిషాలైనంక నిప్పులు గుంజెయ్. మూత మాత్రం నేనొచ్చేదాక ఎవరిని తియ్యనియ్యకు.”

బండి సందు మలుపు తిరిగాక చప్పుడు వచ్చింది. పుట్టి బుద్ధెరిగి కోడిగుడ్డు కూడా నోట పెట్టని వీరభద్రం బిర్యానీ గంజుకు కావలి కూర్చున్నాడు.

నలభై నిమిషాలైంది. గంటైంది. గంటన్నర కూడా దాటింది. నిఖా అయిపోయి, ఖర్జూరాలు పంచడం కూడా అయిపోయి, పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. పెళ్లికొడుకు మేనమామ ఖాళీ ప్లేటు పట్టుకుని వంట దగ్గరికి రెండుసార్లు వచ్చి పోయాడు.

“ఏడికి పోయిండమ్మా మీ బావర్చీ?”

“బండి మీద... తిరుగుతానికి,” అంది గౌసియా బేగం. అంతకంటే సిగ్గుపడే మాట ఆమె జీవితంలో అనలేదు.

“తిరుగుతానికా?” అని ఆయన హాలంతా వినపడేలా అడిగాడు. ఆ తర్వాత మూడు వ్యాన్ల జనం కలిసి ఆజం భాయ్‌ను తిట్టడానికి కూర్చున్నారు.

అప్పుడు హాలు వెనక సందులో గౌసియా బేగం ఒక వింత చూసింది. నల్ల బండి వస్తోంది. సైకిలు మీద కూరగాయల ముసలాయన దాన్ని దాటి పోయాడు. బండి వెనక సీటు మీద, తాళ్లతో పసిబిడ్డను కట్టినట్టు కట్టి, ఇంకో గంజు. మూత చుట్టూ పిండి చెక్కుచెదరలేదు.

“నెక్కొండల మా తమ్ముడు సోహెల్ వండుతాండు,” అన్నాడు ఆజం భాయ్ తాళ్లు విప్పుతూ. “ఆడ పాసింజర్ రైలు తప్పిపోయి సగం మంది చుట్టాలు రాలేదట. పొద్దుగాల ఫోన్ల మొత్తుకున్నడు. పెండ్లోళ్లను అడిగితె సంతోషంగ తీస్కపొమ్మన్నరు. పోవుడు ఇరవై నిమిషాలె. వచ్చుడె, గుంత గుంతకు దిగి నడిపించుకుంట వచ్చిన. వీరభద్రం, నువ్వు గా దిక్కు పట్టు.”

వీరభద్రం ముక్కు పక్కకు తిప్పుకుని పట్టాడు.

గౌసియా బేగంకు ఆజం భాయ్ ఇలా ఆలస్యం చేసిన పెళ్లిళ్లు ఇంకో రెండు మూడు గుర్తొచ్చాయి. అన్నీ తమలాంటి ఇళ్లే. ఆ పెళ్లిళ్లలో జనం బావర్చీని తిట్టుకుంటూ కడుపునిండా తిన్నారు. అన్నం తక్కువైందన్న అనుమానమే ఎవరికీ రాలేదు.

ఈలోగా ఆయన హాల్లోకి పోయి మేనమామ ముందు నిలబడ్డాడు.

“మాఫ్ చెయ్యున్రి సాబ్. రోడ్డు ఖాళీగ దొరికింది. ఆగబుద్ధి కాలే.”

“గడ్డం నెరిసింది, సిగ్గు లేదా నీకు?”

“లేదు సాబ్.”

గౌసియా బేగం వెనకే వచ్చింది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచింది గానీ మాటకంటే ముందు కన్నీళ్లొచ్చాయి. ఆజం భాయ్ తల దించుకునే, పెదవులు కదలకుండా గొణిగాడు.

“ఏడువకు ఆపా, అందరు చూస్తాన్రు. తిట్టు.”

“ఏమని తిట్టాలె?”

“ముప్పై ఏండ్ల సంది తిడుతానవ్, నన్నడుగుతవా?”

“సిగ్గులేని మనిషివి,” అంది ఆమె, చెంగుతో కళ్లు తుడుచుకుంటూ.

“జర గట్టిగ. ఆఖరి వరసకు వినవడలే.”

గౌసియా బేగం ఊపిరి పీల్చుకుని అందుకుంది. ఆజం భాయ్ బండిని, హెల్మెట్‌ను, షుగరును, ఆయనకు లైసెన్సు ఇచ్చిన ఆఫీసరును వరసగా తిట్టింది. పక్కన వడ్డన మొదలైంది, మూతలు లేచాయి, ఆమె ఇంకా తిడుతూనే ఉంది. మధ్యమధ్యలో ఆజం భాయ్ భుజాలు కదులుతున్నాయి. చూసేవాళ్లు ఏడుస్తున్నాడనుకున్నారు.

చివరికి మేనమామకే జాలేసింది. నోటి నిండా ముద్దతో లేచి వచ్చాడు.

“ఇగ ఇడిశిపెట్టమ్మా, పాపం. మనిషి ఎసొంటోడైతేంది, వండుడు మాత్రం మస్తు వండిండు,” అని రెండో గంజు దిక్కు ప్లేటు చాపాడు.