వేళ్లతో చదివే పుస్తకం

ఆదివారం పొద్దున ఏడున్నరకు సూర్యాపేటలో కోదాడ బస్సెక్కాను. మా అమ్మకు పుస్తకాలంటే ప్రాణం. నిరుడు చూపు పోయినప్పటి నుంచి పుస్తకం చేతికిస్తే పక్కన పెట్టేస్తోంది. ఆమె ఒళ్లో మళ్లీ పుస్తకం పెట్టాలని నా పంతం. కోదాడలో ఒక బైండింగ్ మేస్త్రి పాత చీరలతో అట్టలు వేస్తాడని విని బయలుదేరాను.

విన్నదానికన్నా ఎక్కువే చూశాను! అగ్గిపెట్టెంత కొట్టు. జరీ అంచులు, పూల వాయిల్, గళ్ల లుంగీ... ప్రతి అట్టా పండక్కి ముస్తాబైనట్టుంది. నా సంగతి విని మేస్త్రి, "అట్ట బట్టదైతే ఏం లాభమండీ, లోపల కాగితమే కదా. మాడుగులపల్లి దగ్గర తండాలో సక్రమ్మని ఉంది. పుస్తకం మొత్తం బట్టతోనే కుడుతుంది," అన్నాడు.

ఇడ్లీ కూడా తినకుండా మిర్యాలగూడ బస్సు పట్టుకున్నాను. హుజూర్‌నగర్ దాకా నిలబడే ప్రయాణం. "ఏడికక్కా గింత ఆత్రం?" అంది పక్కనామె. పుస్తకం కోసమంటే నవ్వింది. "మీ ఊర్ల దుకాణాలు లెవ్వా?"

మిర్యాలగూడలో అరటిపళ్లు కొని, ఆటోలో తండా చేరాను. సక్రమ్మ లంబాడా అవ్వ. వాకిట్లో ఆమె కుడుతున్న పుస్తకం చూసి కేక వేసినంత పని చేశాను. గవ్వల కళ్ల ఆవు, అద్దాల చెరువు, ఉబ్బెత్తు దారంతో వరి కంకులు. కళ్లు మూసుకుని తడిమితే గింజ గింజా తెలిసింది.

"ఇది నాకిచ్చెయ్ అవ్వా!"

"గిది మా సెల్లె ఇంటిది. వేరేటోళ్ల ఇంటి పుస్తకం నువ్వేం సదువుతవ్ బిడ్డా? బొమ్మలు కుట్టి పెట్టిన పేజీలు ఇంకా ఉన్నయ్. మొదటి పేజీ మాత్రం సదివేటోళ్ల బట్టతోనే కుడత. మీ అమ్మ కట్టిన బట్ట తెచ్చినవా?"

తేలేదు. ఇంత దూరం వచ్చి ఉత్త చేతులతో పోవాలా? అవ్వ నా భుజం వంక చూసింది. "గా సంచి ఏం బట్టనే?"

అమ్మ పాత నేతచీరతో కుట్టించిన సంచి! గొడుగు, నీళ్ల సీసా, అరటిపళ్లు చాప మీద కుమ్మరించి సంచి ఆమె చేతిలో పెట్టాను. కోడలు పెట్టిన జొన్నరొట్టె తిని, ఒక కునుకు తీసి లేచేసరికి నా సంచి మొదటి పేజీ మీద నెమలై కూర్చుంది.

సాయంత్రం మిర్యాలగూడలో సూర్యాపేట బస్సెక్కాను. సామాను ప్లాస్టిక్ కవర్లో, పుస్తకం ఒళ్లో. కళ్లు మూసుకుని దారంతా అదే చదువుకుంటూ, మురిసిపోతూ వచ్చాను. మీరూ వెళ్తే ఇంటి బట్ట ఒకటి మరవకండి.

ఇంటికొచ్చి అమ్మ ఒళ్లో పెట్టాను. అలవాటుగా పక్కన పెట్టబోయి ఆగింది. వేళ్లు నెమలి మీద తిరిగాయి.

"నా నీలం చీర గదనే ఇది!" అంది. రెండో పేజీ తిప్పింది. "ఇగ పో. నన్ను సదువుకోనియ్."