మొదట్నుంచి చెయ్యమన్న మేడమ్

షిఫ్టు మారే వేళ టైమాఫీసు నుంచి ఇంటర్‌కమ్ మోగింది. "సార్, కంప్యూటర్ రూమ్ మేడమ్ గారు పోయారంట. నరసరావుపేట నుంచి ట్రంకాల్ వచ్చింది," అన్నాడు క్లర్కు. కామెర్లని సెలవు పెట్టి నెల కూడా కాలేదు. "ఏ మేడమ్?" అని అడిగాను, మా ఫ్యాక్టరీ మొత్తానికి ఉన్నది ఒక్క మేడమేనని తెలిసి కూడా. నాకు ముందు ఏడుపు రాలేదు, నా మీద నాకే ఒళ్లు మండింది. ఆవిడ గురించి పదిమందిలో చెప్పాల్సిన మాట ఒకటి మూడేళ్లుగా మింగి కూర్చున్నాను.

పిడుగురాళ్ల దాటాక రోడ్డు పక్కనున్న సిమెంటు ఫ్యాక్టరీ మాది. నేను ల్యాబులో కెమిస్టుని. కంప్యూటర్ వచ్చిన రోజు నుంచీ ఆ గదికి మేడమే ఇన్‌ఛార్జి. గుమ్మం దగ్గర తడిగుడ్డ పరిచి, కాళ్లు తుడుచుకుంటే తప్ప ఎవర్నీ లోపలికి రానిచ్చేవారు కాదు. ఒకసారి జనరల్ మేనేజర్ గారు బూట్లతో వచ్చేస్తుంటే, "సార్, ఈ దుమ్ము మిషన్‌కి పడదు, కాస్త తుడుచుకోండి" అనేశారు. ఆయన తుడుచుకున్నాడు గానీ మర్చిపోలేదు. ఏసీ గదిలో కూర్చుని ఏం వెలగబెడతారో చూస్తానని అందరి దగ్గరా అనేవాడు.

ఏ ప్రోగ్రామయినా కొత్తగా తయారైతే మేడమ్ వెంటనే నమ్మేవారు కాదు. "మిషన్ కిక్కురుమనలేదంటే ఒప్పుకున్నట్టు కాదయ్యా. తెలిసిన లెక్క ముందు అడుగు. అది సరిగ్గా చెప్తే అప్పుడు తెలియంది అడుగు," అనేవారు.

"మిషన్‌కి కూడా ఇంటర్వ్యూ ఏంది మేడమ్?" అని నేను ఎగతాళి చేస్తే, "నీకు సరిగ్గా చేసుంటే నాకీ బాధ తప్పేది" అని నవ్వేవారు.

మూడేళ్ల కిందటి సంగతి. రాయి కాల్చే పెద్ద బట్టీని కిల్న్ అంటాం. రిపేరు కోసం ఆపిన కిల్న్‌ని మళ్లీ వెలిగించాలి. క్వారీలో కొత్త వైపు తవ్వడం మొదలుపెట్టాం, ఆ రాయి గుణం వేరు. సున్నపురాయి ఎంత, మట్టి ఎంత, ఇనుపరాయి ఎంత కలపాలో చెప్పే ప్రోగ్రాము హైదరాబాదు నుంచి వచ్చింది. సాయంత్రం నాలుగింటికి రాయి పొడిచేసే మిల్లు మొదలుపెట్టాలి. పాళ్ల లెక్క ల్యాబు పని కాబట్టి ఆ రోజు నేనూ మేడమ్ పక్కనే ఉన్నాను. పాళ్లు తప్పితే లోపలంతా కరిగి ముద్దకట్టి కిల్న్ ఇటుక ఊడిపోతుంది, నెల రోజులు క్వారీ కూలీలకు పని ఉండదు.

ఆ ప్రోగ్రాము నలభై ఫైళ్ల సోర్సుగా వచ్చింది. దాన్ని మిషన్ భాషలోకి మార్చే కంపైలర్ మా దగ్గర పాతది. ముందు రోజు ముప్పై ఒక్క ఫైళ్లు మార్చి, మిగిలిన తొమ్మిది ఫైళ్ల దగ్గర మొరాయించింది. కొత్త కంపైలర్ ఫ్లాపీల్లో పొద్దున బస్సుకి వచ్చింది. పాతది తీసేద్దామంటే లారీలు తూచే వేబ్రిడ్జి ప్రోగ్రాము దాని మీదే బతుకుతోంది. మేడమ్ రెంటినీ ఒకదానికొకటి తగలకుండా వేరు వేరు చోట్ల పెట్టారు. ఏ ఫైలు తర్వాత ఏది చెయ్యాలో చెప్పే జాబితా కూడా వేరే రకం మిషన్ కోసం రాసింది, మాది మొదటి లైనుకే తప్పు చూపించింది. దాంతో ఆవిడ నా ల్యాబ్ కాగితం వెనక ఆ వరసంతా చేత్తో రాశారు.

పదకొండింటికి వేబ్రిడ్జి దగ్గర తెర ఆగిపోయింది. లారీలు రోడ్డు దాకా నిలబడ్డాయి, డ్రైవర్లు ఒకటే హారన్లు కొడుతున్నారు. మేడమ్ అటు పరిగెత్తుతూ, "పాత ముప్పై ఒకటీ తీసేసి, అన్నీ కొత్తదాంతో మొదట్నుంచి చెయ్యి. మూడు గంటలు పట్టుద్ది, పట్టనీ," అన్నారు.

నేను తీసెయ్యలేదు. మాది సున్నం బట్టీల ఇల్లు. సగం కాలిన రాయిని మా నాన్న ఏనాడూ పారెయ్యలేదు, తర్వాతి వాయిలో కలిపి వేసేవాడు. ఉడికినంత మేరా ఉడికినట్టే కదా అనుకున్నాను. మిగిలిన తొమ్మిదీ మాత్రం కొత్తదాంతో చేసి, పాతవాటితో కలిపేశాను. మిషన్ కిక్కురుమనలేదు. పాళ్లు అచ్చయి వచ్చాయి. గొప్పగా ఫోన్ ఎత్తి జీఎం గారికి చెప్పేశాను కూడా.

మేడమ్ మూడింటికి వచ్చారు. మంచినీళ్లయినా తాగకుండా, నేను చేత్తో లెక్కగట్టిన పోయిన నెల శాంపిల్ ఒకటి ఇచ్చి పాళ్లు అడిగారు. ఇనుపరాయి ఎక్కువ చూపించింది, సున్నపురాయి తక్కువ. ఆవిడ నా వైపు తిరిగారు.

"పాతవి తీశావా?"

నేను అచ్చయిన కాగితం మడవడం మొదలుపెట్టాను.

"తీయలా. ఆ కంపైలర్ అంకెలు దాచే తీరు వేరు, దీని తీరు వేరు. పాత ఫైళ్లు అప్పజెప్పిన అంకెని కొత్తవి ఇంకోలా చదువుతున్నయ్. ఇది సున్నం కాదయ్యా, కలిపి కాల్చడానికి."

అప్పుడే ఇంటర్‌కమ్ మోగింది. జీఎం గారి గొంతు నాకూ వినిపిస్తోంది. "కన్వేయర్ వేస్తున్నాం." నోరు తెరిస్తే ఉద్యోగం పోతుందనే భయం తప్ప నాకింకేం తోచలేదు. "ఆపండి సార్," అన్నారు మేడమ్. "ఆ పాళ్లు తప్పు. మూడు గంటలు కావాలి." ఎవరి తప్పని ఆయన అరిచాడు. "గది నాది సార్. తప్పూ నాదే." రిసీవర్ పెట్టేసి, "చదువుతా, కొట్టు," అంటూ ఫైళ్ల వరస రాసిన ఆ కాగితం తీశారు. ఆరున్నరకి పాత శాంపిల్ పాళ్లు నా లెక్కతో సరిపోయాయి. అప్పుడు కొత్త రాయి లెక్క అడిగారు. మిల్లు కదిలింది, కిల్న్ నిలబడింది. మర్నాడు మెమో ఆవిడ పేరున వచ్చింది. ఆవిడ మడిచి సొరుగులో పెట్టుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. సిగ్గుమాలినోణ్ణి.

పెద్దకర్మ రోజు నరసరావుపేట వెళ్లాను. మేడమ్ భర్త బడిపంతులు, మెతకమనిషి. నేను ఫలానా అని చెప్పగానే ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు. "మీరేనా కెమిస్టు గారు! మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పిందో. ఆ రోజు తప్పు పట్టుకుంది మీరేనంట గదా. మీరు లేకపోతే కిల్న్ పోయేదంట."

"కాదండీ. ఆ తప్పు చేసిందే నేను. పట్టుకుంది మేడమ్. మెమో నాకు రావాల్సింది," అన్నాను. మూడేళ్ల మాట, గబగబా అనేశాను.

ఆయన కళ్లు తుడుచుకుని నవ్వాడు. "మీరిట్టానే అంటారంట. చానా పెద్దమనసని చెప్పింది. రండి, రండి, భోజనానికి లేవండి," అంటూ నా భుజం మీద చెయ్యేసి తీసుకెళ్లి, నన్ను ముందు వరసలో కూర్చోబెట్టి, నా విస్తట్లో తనే వడ్డించడం మొదలుపెట్టాడు.