తలలన్నీ అక్కడే

వీధి బాగుపడింది, సెలూనాయన చితికిపోయాడు. ఈ రెండూ ఒకేసారి ఎలా జరిగాయో ఎంత ఆలోచించినా ఆయన బుర్రకెక్కలేదు. రేకుల ఇళ్ళు డాబాలయ్యాయి. గుమ్మాల ముందు కొత్త బళ్ళు వెలిశాయి. కానీ గడ్డాలు పెరిగే మగవాళ్ళంతా పరాయి దేశాల్లో బిల్డింగు పనులకు పోయారు. డబ్బయితే వీధిలోకి వస్తోంది, తలకాయలే రావడం లేదు. సెలూన్లో ఈగలు తోలుకోవడమే పనైంది.

చివరికి ఆయనా విమానమెక్కాడు. అక్కడి పనివాళ్ళ క్యాంపు సెలూన్లో మొదటి రోజు కుర్చీలో కూర్చున్న మనిషిని చూసి తెల్లబోయాడు. ఎదురింటి తాపీమేస్త్రీ!

"చెవి జాగ్రత్త బావా!" అన్నాడు మేస్త్రీ, మునుపటిలాగే.

పాత బేరాలన్నీ వరసగా వచ్చాయి. ఈ తలకాయల కోసం సముద్రం దాటాలా అని ఆయన విసుక్కున్నాడు.

రెండేళ్ళకు సెలవు మీద వచ్చి, సొంత షాపునే పోల్చుకోలేకపోయాడు. గులాబీ రంగు గోడలు, తలుపుకు పరదా, లోపల ఆడవాళ్ళ మాటలు. భార్య బ్యూటీ పార్లర్ పెట్టిందని ఫోనులో విన్నాడు గానీ, ఇంత జోరుగా నడుస్తోందనుకోలేదు. మొగుళ్ళు అక్కడ ఎండలో మాడి పంపిన డబ్బులో కాస్త ఇక్కడ కనుబొమలకూ ఖర్చవుతోంది. ఆయన పంపేదానికంటే ఆవిడ సంపాదనే ఎక్కువట. గర్వపడాలో ఉడుక్కోవాలో తేలక గుమ్మంలోనే నిలబడ్డాడు.

పరదా పక్కకు తీసి మేస్త్రీ భార్య బయటికొచ్చింది.

"అన్నయ్యా, మా ఆయన ఫోనులో ఎప్పుడు చూసినా టోపీ పెట్టుకునే ఉంటారు. జుట్టు నెరిసిందా ఏంటి?"

"సగం నెరిసింది. మిగతా సగం ఊడిందమ్మా."

ఆవిడ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. కట్టుకున్నవాడి తల సంగతి ఇంకొకరిని అడిగి తెలుసుకోవాలా, పాపం!

సాయంత్రం షాపు కట్టేసే వేళ భార్యతో అనేశాడు. "మళ్ళీ వెళ్ళబుద్ధి కావడం లేదు. ఇక్కడే ఉండిపోతాను. షాపు నేను చూసుకుంటాను."

ఆవిడ అద్దం తుడవడం ఆపింది. "ఉండండి. మీరు లేక ఇల్లు ఇల్లులా లేదు, నిజం. కానీ షాపు మాత్రం ఇవ్వను."

"మరి నేనేం చెయ్యను?"

"నాకూ తెలియడం లేదండీ" అని ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది.

ఇంతలో ఫోను మోగింది. క్యాంపు మేనేజరు. తిరుగు టికెట్ ఎప్పటికి తియ్యమంటావని అడిగాడు. ఆయన భార్య మొహంలోకి చూశాడు. ఆవిడ చెయ్యీ వదల్లేదు, వద్దనీ అనలేదు.